పటం పోయిన వారం

మొన్న సంగారెడ్డిలో ఒక కార్యాలయానికి వెళ్ళాను. మా వీధి బోరులో నీళ్ళు పసుపు రంగుగా వస్తున్నాయని రాసిన కాగితం ఇవ్వడానికి. అది నా నాలుగో కాగితం. మొదటి మూడింటికీ రసీదులు భద్రంగా ఉన్నాయి, జవాబులే రాలేదు. గంటన్నర సేపు వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నా తరవాత వచ్చిన ఇద్దరిని ముందు లోపలికి పిలిచారు. వాళ్ళ చొక్కాల రంగులు కూడా నాకు గుర్తున్నాయి. చివరికి నా వంతు వచ్చి లోపలికి వెళ్తే, ఆఫీసరు కుర్చీ వెనక గోడ మీద ఒక పటం కనిపించింది. సిందూరం లాంటి ఎర్రటి నేల, దాని మీద పెద్ద పెద్ద కళ్ళ మనుషులు, చుట్టూ నల్లటి చట్రం, పైన అద్దం. చెప్పాల్సింది చెప్పకుండా దాని వంకే చూస్తూ ఉండిపోయాను. "బాగున్నదా మేడమ్? మొన్ననే పెట్టించినం" అన్నాడు ఆ కుర్ర ఆఫీసరు సంతోషంగా. "కొత్తదేనా? ఎవరైనా దాంతో కథ చెప్పారా?" అని అడిగాను. "కథనా? గదేం లేదు మేడమ్. గోడకు పెట్టుకునేందుకే గీసిన్రు" అన్నాడు. "అయితే ఫర్వాలేదు" అన్నాను. అతను నన్ను వింతగా చూసి, నా కాగితం తీసుకుని, రసీదు రాసిచ్చి, మిగతా కాగితాల కింద పెట్టాడు. పైన పెట్టొచ్చు, కింద పెట్టాడు. నీళ్ళ సంగతి నేను వదలను, ఐదో కాగితం కూడా రాస్తాను. కానీ దానికన్నా ముందు ఇది రాయాలనిపించింది.

మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. పటాన్‌చెరు వైపు పెద్ద ప్రభుత్వ కర్మాగారం పెట్టిన కొత్తలో నాన్న టర్నరుగా చేరాడు. కాలనీలో రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. పొద్దున్న కర్మాగారం కూత మోగితే మా ఇల్లు లేచేది, సాయంత్రం కూత మోగితే మా అమ్మ రంపపు పొట్టుతో పొయ్యి కూరేది. పొయ్యి మధ్యలో నిలబెట్టడానికి నాన్న లేతు మిషను మీద తిప్పి తెచ్చిన ఇనుప గొట్టం ఉండేది. దాని చుట్టూ పొట్టును గట్టిగా అదిమి, గొట్టం మెల్లిగా పైకి లాగాలి. ఆ లాగడంలో నేను నేర్పరిని. అయినా వచ్చిన చుట్టాల ముందు అమ్మ "మా పెద్దాడు కూరతాడు పొయ్యి" అని అన్నయ్య పేరే చెప్పేది. నాన్న ఇంటికొస్తే లేతు మీద పోసే పాలలాంటి నూనె నీళ్ళ వాసన ఆయనకన్నా ముందు గుమ్మం దాటి వచ్చేది. ఎన్నిసార్లు కుంకుడు రసంతో రుద్దుకున్నా ఆ వాసన గోళ్ళలో మిగిలేది. ఆ చేత్తోనే మాకు అన్నం కలిపి ముద్దలు పెట్టేవాడు. గోంగూర పచ్చడి, నెయ్యి, ఇంత నూనె నీళ్ళ వాసన. ఇప్పటికీ ఎక్కడైనా మరమ్మతు షాపు ముందు నుంచి నడిస్తే నాకు ఆకలేస్తుంది.

కాలనీ గోడకు అవతల పాత ఊరు. మా బడి రెంటికీ మధ్యలో ఉండేది. రేకుల కప్పు, పొడుగాటి వరండా, సగం కాలనీ పిల్లలు, సగం ఊరి పిల్లలు. నాకు ఇద్దరే స్నేహితులు. ఇద్దరే ఎందుకంటే మిగతా వాళ్ళతో ఏదో ఒక తగాదా ఉండేది, అందులో ఎక్కువ వాటిలో న్యాయం నా వైపే ఉండేది. ఒకతె యాదమ్మ, ఊళ్ళో సాలెవాడకు చెందిన నేతపని వాళ్ళ పిల్ల. వాళ్ళింట్లో మగ్గం గుంట పక్కన ఎప్పుడూ గంజి వాసన వేసేది. వాళ్ళ అవ్వ చుట్ట కాలుస్తూ నూలు చుట్టేది. లేచినప్పుడల్లా మగ్గం దుంగను తాకి చేయి కళ్ళకు అద్దుకునేది. మా అమ్మ పచ్చడి పంపితే, అవ్వ జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి తిరిగి పంపేది. రెండోవాడు ఖాదర్. వాళ్ళ నాన్న సంగారెడ్డి బస్సులో కండక్టరు. ఏ బస్సు ఎప్పుడు వస్తుందో, ఏ డ్రైవరు రుద్రారంలో ఛాయ్ కోసం ఎంతసేపు ఆపుతాడో ఖాదర్‌కు లెక్కల పుస్తకం కన్నా బాగా తెలుసు.

మా డ్రాయింగు మాస్టారు బందరు మనిషి. కర్మాగారం రోడ్డు వెడల్పు చేసేటప్పుడు సాలెవాడ చివర కొన్ని పాత ఇళ్ళు పడగొట్టారు. ఆ మట్టిలో ఒక ఇంటి అటక మీద నుంచి పడిన గుడ్డ చుట్ట ఆయన కంట పడింది. చాలా భాగం ఎలుకలు కొట్టేయగా గజం పొడవు మిగిలింది. దులిపి చూస్తే ఎర్రటి నేల మీద బొమ్మలు. మగ్గం మీద కూర్చున్న ఒక ఋషి, పసుపు పచ్చటి ఒంటితో ఒక ఆడమనిషి, ఒక తెల్లటి ఎద్దు. మాస్టారు దాన్ని అంచులు సమంగా కత్తిరించి, చట్రం కట్టించి, అద్దం వేయించి మా ఏడో తరగతి గదిలో పెట్టించారు. "దీని వయసు మీ తాతలకన్నా ఎక్కువ" అనేవారు. దగ్గరికి వెళ్తే చింతగింజల జిగురు వాసన వచ్చేది. మేమంతా ఆ ఎద్దునే గీసేవాళ్ళం. నాకు ఒకే అభ్యంతరం. గుడ్డ జారకుండా చెక్కకు బిగించేటప్పుడు వడ్రంగి ఒక మేకును సరిగ్గా ఎద్దు చెవిలో కొట్టాడు. పైగా దాన్ని వేలాడదీసింది కిటికీ పక్కన. ఎండ పడేది, వానొస్తే రేకుల నుంచి చెమ్మ దిగేది. ఈ మాట డ్రాయింగు మాస్టారికి చెప్పాను. "చూద్దాంలే" అన్నారు. హెడ్మాస్టరు గారికి చెప్పాను. "నీకెందుకు?" అన్నారు. ఆ మంగళవారం బడిని చూడడానికి ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, "ఈ బొమ్మ చాలా బాగుందే!" అని మెచ్చుకుంటుంటే, నేను లేచి నిలబడి, "ఆ బొమ్మ అక్కడ ఉండకూడదండీ" అన్నాను. మేకు సంగతి, చెమ్మ సంగతి, "నీకెందుకు" అన్న సంగతి కూడా చెప్పాను. ఇన్‌స్పెక్టరు గారు నవ్వారు. హెడ్మాస్టరు గారి చెవులు ఎర్రబడ్డాయి.

గురువారం పొద్దున్న గది తెరిస్తే బొమ్మ లేదు. నేను క్లాసు లీడర్ని. ముందురోజు సాయంత్రం తలుపుకు తాళం వేసి, తాళంచెవి అటెండరు మల్లయ్య ఇంట్లో ఇచ్చింది నేనే. మల్లయ్యను అడుగుదామంటే, కూతురికి నొప్పులు వస్తున్నాయని కబురొచ్చి తెల్లారేసరికి గుమ్మడిదల వెళ్ళిపోయాడు. హెడ్మాస్టరు గారు నన్ను ఆఫీసు గదికి పిలిపించారు. "అక్కడ ఉండకూడదన్నావుగా? ఇప్పుడు ఎక్కడ పెట్టావో చెప్పు" అన్నారు. నేను తీయలేదన్నాను. మూడు సార్లు అడిగారు, మూడు సార్లూ అదే చెప్పాను. "సోమవారం ప్రార్థన వేళకు బొమ్మ గోడ మీద ఉండాలి. లేకపోతే టీసీలో 'నడవడి మంచిది కాదు' అని రాసి మీ నాన్న చేతిలో పెడతాను. ఏడో తరగతి పరీక్ష ఎక్కడ రాస్తావో నీ ఇష్టం" అన్నారు. వరండాలో ఇద్దరు ఆడపిల్లలు జడలు లాక్కుంటూ "చిత్రాల దొంగ, చిత్రాల దొంగ" అని పాట కట్టారు. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను గాని, ఒకామె ఈమధ్య పెళ్ళిలో కనిపించి కౌగిలించుకోబోతే నేను చేతులు చాచలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న ఒక్కసారే అడిగాడు. "కామూ, నువ్వు తీశావా?" "లేదు నాన్నా." "సరే, పెరుగు వేసుకో." అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పక్క క్వార్టరు వాళ్ళు ఆరా తీయడానికి వస్తే, "మా పిల్ల అన్నీ బయటికే చెబుతుందండీ, దానికి దాచడం రాదు" అన్నాడు. నా స్వభావం గురించి ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే.

శుక్రవారం నుంచి మేం ముగ్గురం దొంగను వెతకడం మొదలుపెట్టాం. ఖాదర్ అనుమానం పాత సామాన్ల బండి మనిషి మీద. "వాడు అద్దాలు గిట్ల కొంటడు, చూసిన నేను. పక్కా గాడే" అన్నాడు. ఆ బండి వెనక కాలనీ మొత్తం తిరిగాం. చివరికి బండి మనిషే విసిగి, గోనె సంచులన్నీ నేల మీద గుమ్మరించి, "చూసుకోండి దొరా, మీ రాజ్యం ఏదన్నా ఉంటే తీసుకోండి" అన్నాడు. ఖాదర్ ముఖం చిన్నబోయింది. నా అనుమానం లెక్కల మాస్టారి మీద. ఆయనకు డ్రాయింగు మాస్టారంటే పడదు. నాకు ఆయనంటే పడదు. సాక్ష్యం అంతవరకే.

దారి చూపింది యాదమ్మ. శనివారం ఒంటిపూట బడి అయ్యాక మా గదిలోకి తీసుకెళ్ళి, "మంచిగ సూడు" అంది. నిజానికి అవన్నీ గురువారమే నేను చూశాను, హెడ్మాస్టరు గారికి చూపించాను కూడా; ఆయన కొట్టిపారేశారు. మల్లయ్య లేక గది ఎవరూ ఊడవలేదు. ఖాళీ చట్రం గోడకు ఆనించి జాగ్రత్తగా నిలబెట్టి ఉంది. అద్దం పగల్లేదు, పైగా ఎవరో తుడిచారు. పీకిన మేకులన్నీ సుద్దముక్కల డబ్బా మూతలో వరసగా పేర్చి ఉన్నాయి. కిటికీ మెట్టు మీద కర్పూరం మసి. గడప దగ్గర పసుపు అంటిన బియ్యం గింజలు, ఒక కొబ్బరి పీచు.

"దొంగలు కొబ్బరికాయ కొడ్తరానే?" అంది యాదమ్మ.

"దేవుడికి దండం పెట్టి దొంగతనం చేస్తారేమో" అన్నాను.

"మొలలు గిట్ల పేర్చి పెడ్తరా? గిది దొంగల పని కాదే. మా ఇండ్లల్ల ఎవరన్న సచ్చిపోతే గిట్ల చేస్తరు. పసుపు బియ్యం, కర్పూరం, అన్నీ గట్లనే."

ముగ్గురం సాలెవాడకు పరుగెత్తాం. అవ్వ మేము చెప్పింది వింటూ వింటూ చుట్ట ఆర్పేసింది. ఏటా పంటలు ఇంటికొచ్చాక సాలెవాడకు పటం కథలు చెప్పేవాళ్ళు వస్తారు. పొడుగాటి గుడ్డ మీద గీసిన బొమ్మలు ఒక్కొక్కటే విప్పి చూపిస్తూ, నేతవాళ్ళ కులం ఎలా పుట్టిందో పాడి చెబుతారు. ఈసారి కూడా వచ్చి ఆరు రోజులుండి, బుధవారం పొద్దుగూకాక వెళ్ళిపోయారు. వాళ్ళ పెద్ద పేరు నర్సయ్య.

"నర్సయ్యనా తీసింది?" అన్నాను.

"దొంగిలించిండో, తనదని తీస్కపోయిండో, గది నేను చెప్పేది కాదు బిడ్డా" అంది అవ్వ. "నేను చెప్తే మీ పెద్దసారు నమ్ముతడా? నర్సయ్య నోటితోనే చెప్పాలె. రేపు ఐతారం. మంజీర కాడ వాళ్ళకు పని ఉన్నది. పొద్దుగాల బస్సుకు పోతే దొరుకుతరు."

ఆదివారం పొద్దున్నే యాదమ్మ వాళ్ళింటికి వెళ్తున్నానని అమ్మతో చెప్పాను. అమ్మ నా ముఖం చూసి, ఏమీ అడగకుండా ఒక డబ్బాలో పెరుగన్నం పెట్టి, పైన మాగాయ ముక్క వేసి ఇచ్చింది. స్నేహితురాలి ఇంటికి వెళ్ళే పిల్లకు ముగ్గురికి సరిపడా పెరుగన్నం ఎందుకు పెట్టిందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. బస్సులో ఖాదర్ నాన్న మమ్మల్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, "కిధర్ జారే? ఎటు పోతుండ్రు, ఏం పని?" అన్నాడు. ఖాదర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "మధ్యాహ్నం రెండు గంటల బస్సు నాదే. చౌరస్తాల నిలవడుండ్రి. మీరు రాకుంటే బస్సు కదలదు, సమజైందా?" అన్నాడు. సంగారెడ్డిలో దిగి, దారి అడుగుతూ నది దాకా నడిచాం. జొన్న కోసిన మోళ్ళు కాళ్ళకు గుచ్చుకున్నాయి. ఆ మంటలో, ఆ ఎండలో, నాలుగు రోజులుగా నన్ను అన్న ప్రతి మాటా మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుంటూ నడిచాను. బొమ్మ తీసుకుని తిరిగి వెళ్ళాలి, గోడకు తగిలించాలి, ఆయన ముఖంలోకి చూడాలి. నాకు కావాల్సింది అదే.

నది ఒడ్డున పది పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ళు పొయ్యి పెట్టారు. నడుము లోతు నీళ్ళలో ఒక ముసలాయన, ఆయన పక్కన ఒక నడివయసు మనిషి. ముసలాయన చేతుల్లో కొత్త తెల్లగుడ్డలో చుట్టిన మూట. మేము గట్టు దిగుతుండగానే ఆయన దాన్ని నీళ్ళ మీద పెట్టి చేతులు వదిలాడు. తడిసిన గుడ్డ లోంచి ఎర్ర రంగు కనిపించింది. ఆ మూట కొంచెం దూరం తేలి, మెల్లిగా మునిగిపోయింది.

నా సోమవారం మునిగిపోయింది. నేను గట్టు మీద నుంచే అరిచాను. "దొంగ! మా బడి బొమ్మ దొంగ! పోలీసులకు చెబుతాను! జైల్లో పెట్టిస్తాను నిన్ను!"

అందరూ తిరిగి చూశారు. పొయ్యి దగ్గర అయిదేళ్ళ పిల్ల ఒకతె, ఆయన మనవరాలు, నన్ను చూసి, ఆ తరవాత నీళ్ళలో ఉన్న తాతను చూసింది. యాదమ్మ నా చేయి పట్టి లాగి, "నోరు మూయవే! చావు కాడ గట్ల ఒర్లుతరా?" అంది.

ఆ ముసలాయన, నర్సయ్య, తడి పంచెతో ఒడ్డుకు వచ్చాడు. కోపం లేదు. "ఎవరి బిడ్డవమ్మా?" అన్నాడు. నేను ఏడుస్తున్నాను గనక యాదమ్మే చెప్పింది. హెడ్మాస్టరు, టీసీ, పరీక్ష, అన్నీ. ఆయన ఇసుకలో కూర్చున్నాడు.

"గది మా పెదనాయిన పటం బిడ్డా. పటమంటే బొమ్మ కాదు. బొమ్మలు గీసే నకాషీ ఆయన కండ్లు దిద్దినంక దానికి పానమొస్తది. దాన్ని భుజానేసుకొని ఊరూరు తిరిగి కథ చెప్తం. ముసల్దైతే మనిషికి చేసినట్లే అన్ని చేసి గంగల కలుపుతం. మా పెదనాయిన మీ ఊర్లనే వానలవడి జరమొచ్చి సచ్చిపోయిండు. పటం ఎవరింట్ల పెట్టిండో తెల్వలే. ఇన్నేండ్ల సంది ఏ ఊరికి పోయినా అడుగుతనే ఉన్నం. మొన్న మీ బడి ముంగట్నుంచి పోతుంటే కిటికీల కనవడ్డది. అంచులు కోసేసిండ్రు. చెవుల మొల కొట్టి ఏలాడదీసిండ్రు."

"నేనూ అదే చెప్పాను!" అన్నాను ఏడుపు మధ్యలో. "చెవిలో మేకు కొట్టారని ముగ్గురికి చెప్పాను. ఎవ్వరూ వినలేదు."

ఆయన నా వంక చూశాడు. "నువ్వు చెప్పినవా? మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాడు. అప్పటికి నా వయసు పన్నెండేళ్ళు. నేను చేసిన ఒక ఫిర్యాదు న్యాయమైనదేనని ఒక పెద్దమనిషి ఒప్పుకోవడం అదే మొదటిసారి.

నర్సయ్య వెళ్ళి అడిగితే మల్లయ్యే తాళం తీసిచ్చాడట, పెద్దసారుకు తాను చెబుతానన్నాడట. ఇంతలో గుమ్మడిదల కబురు వచ్చి అటు వెళ్ళిపోయాడు. బడిలో దొంగ కోసం వెతుకుతున్నారని వీళ్ళకు తెలియదు. తమవాళ్ళ శవాన్ని తాము తెచ్చుకున్నాం అనుకున్నారు, అంతే. నర్సయ్య లేచి తలగుడ్డ చుట్టుకుని, "పా బిడ్డా, మీ సారు కాడికి పోదాం" అన్నాడు.

నీళ్ళలో ఆయన పక్కన నిలబడినది కొడుకే. "నువ్వు పోకు నాయినా. గా సార్లు నిన్ను పోలీసోళ్ళకు పట్టిస్తరు. మన పని అయిపోయింది. ఈడికెళ్ళి గట్లనే పోదాం" అన్నాడు.

"యాడ అయిపోయిందిరా? చిన్నపిల్ల నెత్తిన నింద పెట్టి పోతే గా పటం గంగల మునిగినట్టా?" అన్నాడు ముసలాయన. వాళ్ళు వండిన అన్నం, మా పెరుగన్నం అందరం కలిసి తిన్నాం. మాగాయ ముక్క ఆయనకే పెట్టాను.

రెండు గంటల బస్సు మా కోసం నిజంగానే ఆగి ఉంది. లోపల జనం గొణుగుతుంటే ఖాదర్ నాన్న, "అరే, పెద్దమనిషి వస్తుండు, జెర ఓపిక పట్టుండ్రి" అంటున్నాడు. ఆ రాత్రి నర్సయ్య యాదమ్మ వాళ్ళ అరుగు మీద పడుకున్నాడు. సోమవారం ప్రార్థన గంట కొట్టకముందే మేము నలుగురం ఆఫీసు గది ముందు నిలబడ్డాం. మల్లయ్య కూడా మనవడు పుట్టిన సంతోషంతో అప్పుడే బస్సు దిగి వచ్చాడు. జరిగింది వినగానే ఆయన ముఖం మాడిపోయింది.

హెడ్మాస్టరు గారు నర్సయ్యను పైనుంచి కిందికి చూశారు. "బొమ్మ నువ్వే తీశావా?"

"తీసిన సారు."

"సర్కారు బడిలో వస్తువు తీయడం దొంగతనమని తెలీదా?"

"ఇంట్ల మనిషి సచ్చిపోతే ఇంటోళ్ళు తీస్కపోరా సారు? దాన్ని దొంగతనం అంటరా?" అన్నాడు నర్సయ్య. గొంతు పెంచలేదు. పటం సంగతి నదీతీరాన మాకు చెప్పినట్టే మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. "పోలీసులను పిలుస్తే పిలువుండ్రి. నేనీడనే కూసుంట. గీ పిల్లకు మాత్రం ఏం తెల్వదు."

హెడ్మాస్టరు గారు నోరు తెరిచేలోపే, తలుపు దగ్గర నిలబడి వింటున్న డ్రాయింగు మాస్టారు లోపలికి వచ్చారు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "కోసింది నేనేనయ్యా" అన్నారు. "చట్రానికి సరిపోవాలని అంచులు కత్తిరించాను." ఆయన తన గదికి వెళ్ళి, డ్రాయింగు పుస్తకంలో పేజీ గుర్తుకు పెట్టుకున్న ఎర్రటి పేలిక ఒకటి తెచ్చారు. బెత్తెడు వెడల్పు. దాని మీద ఎద్దు తోక కుచ్చు ఉంది. నర్సయ్య దాన్ని రెండు చేతులతో అందుకుని, తలగుడ్డ విప్పి, అందులో పెట్టి కట్టుకున్నాడు.

ఆ తరవాత హెడ్మాస్టరు గారు నా వైపు తిరిగి, "సరే, క్లాసుకు పో" అన్నారు. అంతే. టీసీ బెదిరింపు గురించి గాని, నాలుగు రోజుల నా ఏడుపు గురించి గాని ఒక్క ముక్క లేదు. నేను కదల్లేదు. ఇంకేదో అంటారని నిలబడ్డాను. ఆయన రిజిస్టరు తెరిచి రాసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు నర్సయ్య నా తల మీద చేయి పెట్టి, "తప్పయింది బిడ్డా. నేను చేసిన పనికి నీ మీద మాట వడ్డది" అన్నాడు. ఆ గదిలో ఏ తప్పూ చేయనివాడు ఆయనొక్కడే. తప్పయిందన్నది కూడా ఆయనొక్కడే.

ఏడో తరగతి పరీక్ష అక్కడే రాశాను, మంచి మార్కులతో పాసయ్యాను. హెడ్మాస్టరు గారు పదవీ విరమణ చేసిన రోజు దండ వేయడానికి నన్ను పిలిస్తే వెళ్ళలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ లెక్క ఇంకా తేలలేదు, తేలదు కూడా. కానీ వయసు పెరిగేకొద్దీ ఆ వారం తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది ఆయన కాదు. ఒకే ఒక్కసారి అడిగి నమ్మిన నాన్న, అడగకుండా డబ్బా నింపిన అమ్మ, బస్సు ఆపిన కండక్టరు, చుట్ట ఆర్పి దారి చెప్పిన అవ్వ. యాదమ్మ తరవాత గుమ్మడిదల దగ్గర మందుల ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించే పని చేసి, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో ఉంది. నెలకోసారి వెళ్ళి చూస్తాను. వెళ్ళినప్పుడల్లా, "ఇయ్యాల ఎవరి మీద కంప్లయింటు తెచ్చినవే?" అని నవ్వుతుంది. సాలెవాడ మొత్తం పోయింది, ఇప్పుడు అక్కడ నాలుగంతస్తుల ఇళ్ళు, కిరాయికి ఉండే బీహారు కుర్రాళ్ళు. మగ్గం చప్పుడు వినిపించిన చోట ఇప్పుడు రోజంతా లారీల హారన్లు. నా మాట నిజమని చెప్పడానికి ఆ రోజు ఒక ముసలాయన, జైలుకైనా సిద్ధపడి, నదినుంచి మా బడిదాకా వచ్చాడు. ఈ రోజు నా మాట నిజమని చెప్పే రసీదులు నా దగ్గర నాలుగున్నాయి. వాటిని తక్కువ చేయను, రసీదు కూడా ఇవ్వని రోజులు చూశాను. కానీ ఆ రెండూ ఒకటి కావు.

ఒక్క విషయం మాత్రం ఇన్నేళ్ళలో యాదమ్మకు కూడా చెప్పలేదు. సోమవారం ఆఫీసు గదిలో నర్సయ్య నాకు తప్పయింది అన్నప్పుడు నేనూ ఒక మాట అనాల్సింది. గట్టు మీద నుంచి, ఆయన మనవరాలు వింటుండగా, ఆయన పెదనాయన పటాన్ని గంగలో కలుపుతున్న వేళ నేను అరిచిన మాటకు. హెడ్మాస్టరు గారి మీద కోపంలో అది నాకు తట్టనేలేదు. వేసవి సెలవుల్లో, మంచం మీద పడుకుని ఎవరెవరు నన్ను ఏమేమన్నారో వరసగా తలుచుకుంటూ ఉండగా, హఠాత్తుగా నా గొంతే నాకు వినిపించింది. నన్ను నాలుగు రోజులు ఏడిపించిన ఆ మాటనే నేను ఆయన్ని అన్నాను. నన్ను బడి గోడల మధ్యే అన్నారు, నేను ఆయన్ని ఆయన ఇంటివాళ్ళందరి ముందూ అన్నాను.

మరుసటి ఏడు పంటలు ఇంటికొచ్చాక కథ చెప్పేవాళ్ళు వచ్చారని యాదమ్మ చెప్పగానే సాలెవాడకు పరుగెత్తాను. ఏమనాలో దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను. కొడుకు ఒక్కడే కొత్త పటం కర్రలకు కడుతున్నాడు. ఆ అయిదేళ్ళ పిల్ల, ఇప్పుడు ఆరేళ్ళది, కంచు తాళాలు పట్టుకుని నిలబడి ఉంది. "తాత రాలేదా?" అని అడిగాను. "కండ్లు కనవడ్తలేవు బిడ్డా. ఇగ తిరగలేడు, ఇంటికాడనే ఉంటుండు" అన్నాడు. "నేను ఒక మాట అన్నాను ఆయన్ని, నది దగ్గర. అది తప్పని తాతకు చెబుతారా?" అన్నాను. ఆయన తాడు ముడి వేస్తూ తలెత్తి, "ఏం మాట బిడ్డా?" అన్నాడు. ఆయనకు నిజంగానే గుర్తులేదు. పిల్ల నా నోటి వంకే చూస్తోంది. అంత సులువుగా, అంత గట్టిగా అరిచిన ఆ మాట, ఆ పిల్ల ముందు ఇంకోసారి నా నోట రాలేదు.

"ఏం లేదు" అన్నాను. "కామేశ్వరి అడిగిందని చెప్పండి. బాగున్నాడా అని అడిగిందని చెప్పండి."